జుట్టు చదునుగా ఉంటే నాణెం అరిగిపోయినట్టేనా?

ప్రశ్న: నా దగ్గర 1892 నాటి అమెరికా మోర్గన్ వెండి డాలర్ ఉంది. బొరుసు వైపు దండ కింద 'ఓ' అక్షరం ఉంది. బొమ్మ చెవి పైన జుట్టు చదునుగా ఉంది, అరిగిన నాణెమేనని ఒకరన్నారు. కానీ చూస్తే తళతళలాడుతోంది మేడమ్. ఎవరి మాట నమ్మాలి? ఒకసారి మెత్తటి గుడ్డతో తుడిచి చూపిస్తే గ్రేడ్ (నాణెం స్థితికి ఇచ్చే అంకె) పెరుగుతుందా?

జవాబు: ముందు ఆ గుడ్డ పక్కన పెట్టేయండి.

'ఓ' అంటే న్యూ ఆర్లియన్స్ టంకశాల. అక్కడ తయారైన డాలర్లలో చాలావాటికి ముద్ర గట్టిగా పడలేదు. 1892వైతే ఆ విషయంలో మరీ పేరుమోసినవి. అచ్చులో లోతుగా ఉన్న చోట్లలోకి వెండి పూర్తిగా ఎక్కకపోతే ఆ భాగం మొదటి రోజు నుంచే చదునుగా ఉంటుంది. చెవి పైన జుట్టు, అవతలి వైపు గద్ద రొమ్ము అలాంటి చోట్లే. చిక్కేమిటంటే, చేతులు మారేకొద్దీ ముందుగా అరిగేవీ అవే. అందుకే ఇంత తగువు.

గదిలో లైట్లన్నీ ఆర్పి ఒక్క టేబుల్ లాంప్ ఉంచండి. నాణేన్ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని, దాని కింద మెల్లగా వంచుతూ తిప్పండి. మెరుపు చెడని నాణెం మీద వెలుగు బండి చక్రం ఆకుల్లా గిరగిరా తిరుగుతుంది. ఆ వెలుగు చదునైన జుట్టు మీదుగా కూడా తెగకుండా సాగిపోతే అది ముద్ర లోపమే. అక్కడికి రాగానే ఆగిపోయి, మసక బూడిదరంగు మచ్చ కనిపిస్తే అరుగుదల. ఇంకో గుర్తు చెప్తాను. ముద్ర పడని చోట, నాణెం కాకముందు ఉత్త బిళ్ల మీదున్న చిన్న చిన్న నొక్కులు అలాగే మిగిలిపోతాయి. అరిగిన చోట మాత్రం నున్నగా ఉంటుంది. పది రెట్లు చూపించే భూతద్దం చాలు.

నేనూ కొత్తలో జుట్టే చూసేదాన్ని, వెంట్రుకలు లెక్కపెట్టినంత పని. అలా పోగు పోగునా స్పష్టంగా ఉన్న ఒక డాలర్ కొని మురిసిపోయాను. ఇంటికొచ్చి లాంప్ కింద తిప్పితే చెంప నిండా ఒకే దిక్కుకు సన్నటి గీతలు! ఎవరో మెత్తటి గుడ్డతో, ఎంతో ప్రేమగా తుడిచారన్నమాట. ఆ గీతలు ఇక పోవు. గ్రేడింగ్ సంస్థలు అలాంటివాటికి మామూలు గ్రేడ్ అంకె ఇవ్వకుండా 'శుభ్రం చేసినది' అని రాసి పంపుతాయి.

అంకెల సంగతి క్లుప్తంగా. 1 నుంచి 70 వరకు ఉన్న కొలత 1949లో షెల్డన్ అనే ఆయన పాత అమెరికన్ రాగి సెంట్ల కోసం పెట్టినది. ఇప్పుడు మిగతా నాణేలకూ వాడుతున్నారు. 60, ఆపైన అంటే అరుగుదల లేదని. మీది ముద్ర లోపమే అయితే 60 దాటొచ్చు, కానీ ముద్ర బలహీనం కాబట్టి మరీ పైకి పోదు. 58 వస్తే మాత్రం చిన్నబుచ్చుకోకండి. వెయ్యేసి డాలర్ల సంచుల్లో ఒకదానికొకటి గుద్దుకుని మొహమంతా గాట్లు పడ్డ 60 కంటే, కాస్త అరిగిన 58 చూడ్డానికి ఎంతో బాగుంటుంది. నన్నడిగితే 58నే కొంటాను.

ప్రశ్న: ప్లాస్టిక్ కవర్‌లో దాచిన నాణెం మీద ఆకుపచ్చగా జిగురు పట్టింది. ఏం చేయాలి?

జవాబు: అది పీవీసీ కవర్ పని, వదిలేస్తే లోహాన్ని తినేస్తుంది. గాలి బాగా ఆడే చోట, మంటకు దూరంగా, గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి అందులో ముంచి తీయండి. నెయిల్ పాలిష్ తీసే సీసా వద్దు, అందులో రంగూ వాసనా కలుపుతారు. రుద్దొద్దు, తుడవొద్దు. దానంతట అదే ఆరుతుంది. పాత కవర్ పారేయండి.