టెక్ సందేహాలు: 22 అంగుళాల చైన్‌సా చవగ్గా వస్తోంది, కొనమంటారా?

ఈ వారం ఫోన్లు, లాప్‌టాప్‌లు పక్కన పెడుతున్నా. గాలివానలు మొదలయ్యాయి కదా, చెట్లు కోసే మిషన్ల మీదే ప్రశ్నలు ఎక్కువ వచ్చాయి.

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర, 5 ఎకరాల మామిడి తోట. కాయ కోతలు అయ్యాక కొమ్మలు కత్తిరించడానికి, గాలికి పడిన చెట్లను ముక్కలు చేయడానికి చైన్‌సా కొందామనుకుంటున్నా. ఆన్‌లైన్‌లో 58 సీసీ, 22 అంగుళాలది 6 వేలకే వస్తోంది. పేరున్న కంపెనీది 16 అంగుళాలదే దానికి మూడు రెట్లు చెబుతున్నారు. పెద్దదే చవగ్గా వస్తుంటే చిన్నది ఎందుకు? ఇంతకుముందెప్పుడూ వాడలేదు.

జవాబు: చిన్నదే తీసుకోండి. 22 అంగుళాలు అన్నది బార్ పొడవు, అంటే చైన్ దేని చుట్టూ తిరుగుతుందో ఆ ఉక్కు పట్టీ కొలత, అంతేగానీ ఇంజను సత్తా కాదు. మామిడి కత్తిరింపుల్లో మీకు తగిలేవి చేతి లావు, మహా అయితే తొడ లావు కొమ్మలు. 16 అంగుళాలంటే 40 సెంటీమీటర్లు, బోలెడు. ఇంజను 30 నుంచి 40 సీసీ ఉంటే చాలు, స్టిల్ ఎంఎస్ 170, హస్క్‌వార్నా 120 లాంటివి ఈ తరగతివే.

అసలు ప్రమాదం బార్ ముక్కు దగ్గరుంటుంది. ముక్కు పైభాగం పక్క కొమ్మకో, కింది దుంగకో తగిలిందంటే చైన్ పళ్లు ఒక్కసారిగా కరుచుకుని బార్ మొత్తం పైకి లేచి మీ మొహం వైపు ఎగురుతుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు, మీరు చెయ్యి కదిపేలోపే అంతా అయిపోతుంది. బార్ పొడవయ్యే కొద్దీ ఆకుల మధ్య ఆ ముక్కు ఎక్కడుందో కనిపించదు, బరువు వల్ల చేతులు తొందరగా లాగేస్తాయి, అందుకే కొత్తవాళ్లకు 22 అంగుళాలు వద్దనేది. ముందు పిడికి ఎదురుగా ఉండే ప్లాస్టిక్ గార్డ్ చెయ్యి కాపాడటానికి మాత్రమే కాదండీ, అది చైన్ బ్రేక్. షాపులోనే మిషన్‌ను నేల మీద గట్టిగా అదిమి పట్టి, ఇంజను రేజ్ చేసి, పిడి వదలకుండా ఎడమ మణికట్టుతో దాన్ని ముందుకు నెట్టి చూపించమనండి. చైన్ అక్కడికక్కడే ఆగాలి. ఆగకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఇంకో మాట, నిచ్చెన ఎక్కిగానీ చెట్టెక్కిగానీ చైన్‌సా వాడొద్దు, భుజం ఎత్తు దాటి కొయ్యొద్దు. పై కొమ్మలకు పొడవు గొట్టం చివర చిన్న బార్ ఉండే పోల్ ప్రూనర్ వేరే ఉంటుంది. నిజం చెప్పాలంటే మీ తోటలో దానికే ఎక్కువ పని, కాబట్టి ముందు దాని ధర కనుక్కోండి.

చవక మిషన్లన్నీ చెత్త అనను. కొనేముందు మీ ఊరి దగ్గర దాని చైన్, బార్, ప్లగ్ దొరికే షాపు, కార్బురేటర్ విప్పగల మెకానిక్ ఉన్నారో లేదో చూసుకోండి. చైన్‌కు పిచ్ (లింకుల మధ్య దూరం), గేజ్ (బార్ గాడిలో దిగే లింకు మందం), డ్రైవ్ లింకుల (గాడిలో దిగే ఆ లింకుల) లెక్క అని మూడు కొలతలుంటాయి. చాలా మిషన్లలో బార్ మీదే కొట్టి ఉంటాయి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, మూడింట్లో ఒకటి తేడా వచ్చినా కొత్త చైన్ సరిగ్గా కూర్చోదు. ధర లెక్కేసేటప్పుడు హెల్మెట్, మొహానికి జాలీ, చెవులకు మఫ్‌లు, గట్టి బూట్లు, కాళ్లకు రక్షణ ప్యాంటు కూడా కలపండి. లుంగీ, హవాయి చెప్పులతో మాత్రం దీన్ని ముట్టుకోకండి.

పెట్రోల్ సంగతి. ఇది టూ స్ట్రోక్, పెట్రోల్‌లో 2టీ ఆయిల్ కలపాలి. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. మీ మిషన్‌కు ఏదో బుక్‌లెట్‌లో ఉంటుంది, పక్క తోటవాళ్ల లెక్క మీకు పనికిరాదు. ఆయిల్ మర్చిపోతే పిస్టన్ పట్టేస్తుంది. బంకుల్లో ఇప్పుడు వచ్చే ఇ20లో ఇథనాల్ ఉంది, అది తేమను పీల్చుకుంటుంది. అందుకే సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపించి అప్పుడు లోపల పెట్టండి. ఏడాది తర్వాత తాడు లాగి లాగి భుజం నొప్పి తెచ్చుకునేది ఈ ఒక్క పని చేయనివాళ్లే. రెండో ట్యాంకు చైన్ ఆయిల్‌ది. అందులో ట్రాక్టర్ నుంచి తీసిన కాలిన ఆయిల్ పోస్తుంటారు, వద్దు, అందులోని ఇనుప పొడి బార్‌నూ పంపునూ తినేస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇంటి చుట్టూ జామ, మునగ చెట్లున్నాయి. 48 వోల్టులని రాసిన 6 అంగుళాల బ్యాటరీ రంపం మంచిదా, ఇంట్లో ఉన్న యాంగిల్ గ్రైండర్‌కు (ఇనుము కోసే చేతి మిషన్) చైన్ అటాచ్‌మెంట్ బిగిస్తే సరిపోతుందా?

జవాబు: గ్రైండర్ ఆలోచన మానుకోండి. దానికి చైన్ బ్రేక్ లేదు, చాలావాటికి స్విచ్ ఒకసారి నెడితే చెయ్యి జారినా తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ రంపం మణికట్టు లావు కొమ్మలకు బాగానే పనిచేస్తుంది, కానీ ఆ 48ని నమ్మకండి. ప్యాక్‌లో సెల్స్ ఎన్నో అడగండి. 5 ఉంటే, ఒక్కోటి నిండుగా 4.2 వోల్టులు, మొత్తం 21, అంతకు మించి రాదు. వోల్టులకన్నా ఆంపియర్ అవర్లు (బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చెప్పే లెక్క) ఎన్ని, బ్యాటరీ విడిగా దొరుకుతుందా అన్నదే ముఖ్యం. ఇంకోటి, ఎడమ చేత్తో కొమ్మ పట్టుకుని కుడి చేత్తో కోస్తుంటారు చూడండి, వేళ్లు పోయేది అలాగే.

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో మా పొలం గట్ల మీద సర్కారు తుమ్మ కొట్టిస్తున్నాం. నిన్న కొత్త చైన్ వేశాం, ఈరోజు పొగ వస్తోందిగానీ తెగట్లేదు. మిషన్ పోయినట్టేనా?

జవాబు: మిషన్‌కు ఏమీ అయి ఉండదు. ముందు ఇంజను ఆపి చైన్ తిరగేసి బిగించారేమో చూడండి. బార్ పైభాగంలో పళ్ల పదును ముందుకు, అంటే ముక్కు వైపుకు ఉండాలి. అది సరిగ్గానే ఉంటే తెల్ల సిమెంటు సంచి మీదికి ముక్కు చూపించి, దానికి తగలకుండా కాసేపు రేజ్ చేయండి, సన్నటి ఆయిల్ గీత పడాలి. పడకపోతే ఆయిల్ రంధ్రం పూడుకుపోయి ఉండొచ్చు. రెండూ బాగుంటే చైన్ మొద్దుబారినట్టే. చెట్టు మొదలు దగ్గర కోసేటప్పుడు ఒక్కసారి మట్టి తగిలినా కొత్త పదును పోతుంది. పదునున్న చైన్ చెక్క పెళ్లలు విసురుతుంది, పోయింది రంపపు పొట్టు రాలుస్తుంది.

ఈ పళ్ల రూపం వెనక ఓ సంగతుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో జో కాక్స్ అనే కలప కోతగాడు, మొద్దును తొలిచే పురుగు పిల్ల దవడలు కుడికీ ఎడమకీ కొరకడం గమనించి 1947లో ఈ తరహా చైన్ అమ్మకానికి తెచ్చాడు. మామిడికి పట్టే కాండం తొలిచే పురుగును చూసినవాళ్లకు అదెంత పనిమంతురాలో వేరే చెప్పక్కర్లేదు. మీ చైన్‌లోనూ పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి ఉంటాయి, కాబట్టి రెండు వైపులా ఆకురాయితో సమానంగా, ఒకే దిశలో రుద్దాలి, లేకపోతే కోత వంకర పోతుంది. .325 అంగుళాల పిచ్ చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 3/8 అంగుళాల లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువుండే) చైన్‌కు 4 మిల్లీమీటర్లది. రేపు పని మొదలుపెట్టేముందు చెట్టు మొదలు చుట్టూ మట్టి పారతో గీకించండి, ఒక జానెడు ఎత్తులో కోయండి.