చికాగోలో కారు వీధిలో పెట్టుకోవచ్చా?

తమ్ముడూ, కొత్త ఉద్యోగానికి అభినందనలు. అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్‌కి నెలనెలా వేరే డబ్బు అడుగుతున్నారు, వీధిలో ఊరికే పెట్టుకోవచ్చు కదా అని రాశావు. పెట్టుకోవచ్చు. నేనూ కొన్నేళ్లు వీధిలోనే పెట్టాను. ఊరికే మాత్రం కాదు. ఆ సంగతి చెప్పేవాళ్లు అప్పట్లో నాకెవరూ లేరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా మొదటి చలికాలం, డిసెంబరు మొదటి వారం. మంచు పడలేదు, రోడ్డు పొడిగా ఉంది. మా వీధిలో చోటు దొరక్క పక్కనే ఉన్న మెయిన్ రోడ్డు మీద కారు పెట్టాను. స్తంభం మీద బోర్డు చూశాను కూడా. చలికాలం నిషేధం అంటే మంచు కురిసినప్పుడు మాత్రమే అనుకుని ఇంటికెళ్లి పడుకున్నాను. పొద్దున ఆఫీసుకి బయలుదేరితే కారు లేదు. దొంగలెత్తుకుపోయారనే అనుకున్నాను, కాళ్లు వణికాయి. నగరం హెల్ప్‌లైన్ 311కి ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది, నగరం వాళ్లే టో చేసి (లాక్కుని) తమ యార్డుకి తీసుకెళ్లారని.

డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 వరకు, తెల్లవారుజామున 3 నుంచి 7 గంటల మధ్య, సుమారు 107 మైళ్ల ముఖ్యమైన రోడ్ల మీద కారు ఉండకూడదు. మంచు పడినా పడకపోయినా అంతే. టికెట్, అంటే జరిమానా, 60 డాలర్లు, టోయింగ్ 150, కారు యార్డులో ఉంచినందుకు రోజుకి 25. అంటే తక్కువలో తక్కువ 235 డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూసుకో. ఆ నెల అమ్మకి పంపాల్సిన డబ్బులోంచే కట్టాను. రెండంగుళాల మంచు పడితే ఖాళీ చేయాల్సిన రోడ్లు ఇవి కాక ఇంకో 500 మైళ్లున్నాయి, వాటి బోర్డులు వేరు.

ఇక సిటీ స్టిక్కర్, అంటే చికాగోలో ఉండేవాళ్ల కార్లకి నగరం అమ్మే స్టిక్కర్. నగరంలో నివాసం మొదలుపెట్టిన 30 రోజుల్లో కొనాలి. లేకపోతే జరిమానా 200 డాలర్లు. స్టిక్కర్ ఉంది కదా అని ఏ వీధిలోనైనా పెట్టేయకూడదు. చాలా వీధులకి జోన్ నంబర్లుంటాయి, అక్కడ ఆ జోన్‌లో ఉండేవాళ్ల కార్లే పెట్టాలి, దానికి జోన్ పర్మిట్ వేరే కొనాలి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడే బోర్డు మీద నంబరు, టైములు ఫోటో తీసుకో. మన ఇంటి ముందు రోడ్డు మీద పెట్టడానికి డబ్బెందుకని నేనూ మొదట్లో మండిపడ్డాను. స్థానిక ప్రభుత్వం ఇలా నివాసులకి ప్రత్యేకంగా చోటు కేటాయించడం చెల్లుతుందని వర్జీనియాలోని ఆర్లింగ్టన్ కౌంటీ కేసులో 1977లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. వాదించి లాభం లేదు, కొనేయడమే.

శనివారం నీ ఇంటికి భోజనానికి ఫ్రెండ్స్ వస్తారు. జోన్ వీధిలో వాళ్ల కార్లు పెట్టడానికి అతిథుల రోజువారీ పాసులు ముందే కొని ఉంచుకో. తేదీ, టైము పెన్నుతో రాసి అద్దానికి అంటించాలి. మా అన్నం తిని వెళ్తూ ఒకాయన టికెట్ పట్టుకుని పైకి వచ్చాడు. తలుపు దగ్గర ఆయన ముఖం చూస్తే ఆ డబ్బు నేనే కడతానన్నాను, కట్టాను కూడా.

ఏప్రిల్ నుంచి నవంబరు దాకా వీధులు ఊడుస్తారు. ఊడ్చే రోజు కార్లు తీసేయమని ముందురోజు చెట్లకీ స్తంభాలకీ నారింజ రంగు కాగితాలు కడతారు. అవి పలచగా ఉంటాయి, గాలికి తిరగబడి వెనక వైపు కనిపిస్తాయి, రాత్రి పూట కారు దిగినవాడికి కంటికి ఆనవు. నాకు అలాగే ఒక టికెట్ పడింది. అప్పటినుంచి కారు పెట్టాక వీధి చివరి వరకు నడిచి రెండు వైపులా చూసి వస్తాను. మా ఆవిడకి అది చాదస్తం, కానీ మళ్లీ టికెట్ పడలేదు. ఫైర్ హైడ్రంట్‌కి (మంటలార్పడానికి రోడ్డు పక్కన ఉండే నీటి గొట్టానికి) 15 అడుగుల లోపల పెట్టకు, దానికి జరిమానా 150 డాలర్లు.

టికెట్లు దాచుకుని తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. గడువు దాటితే పెరుగుతాయి. కట్టనివి మూడు ఖరారైతే కారు కదలకుండా చక్రానికి బూట్ అనే ఇనుప తాళం వేస్తారు. శివార్లలో కొంచెం తేలిక అనుకుంటారు మనవాళ్లు. నేపర్‌విల్‌లో రాత్రి 2 నుంచి 5 వరకు వీధిలో కారు ఉంచకూడదు, చుట్టాలింటికి వెళ్లి పడుకున్నా సరే. ముందే అనుమతి తీసుకోవాలి. ధరలూ తేదీలూ మారుతుంటాయి, నగరం వెబ్‌సైట్‌లో చూసుకో.

నా మాట వింటే మొదటి చలికాలానికి అపార్ట్‌మెంట్‌లో చోటు తీసుకో. పార్కింగ్‌ని లీజులో కలపకుండా నెలవారీగా వేరే కాగితం మీద రాయమని అడుగు. ఏప్రిల్ రాగానే వదిలేసి, జోన్ పర్మిట్‌తో వీధికి మారిపోవచ్చు.