మీ ప్రశ్న – మా జవాబు: బరువు లేవకపోతే ముందు రీలు చూడండి

ప్రశ్న: కాలేజీ పోటీకి బ్యాటరీతో బరువెత్తే యంత్రం చేస్తున్నాం. 5 కిలోలను 50 సెంటీమీటర్లు, నిమిషంలోపు ఎత్తాలి. బ్యాటరీ 12 వోల్టులు దాటకూడదు. పసుపు రంగు బీఓ మోటారు (బొమ్మల్లో వాడే చిన్న గేర్ల మోటారు), 9 వోల్టుల బ్యాటరీ, 4 సెం.మీ. వ్యాసం ఉన్న దారపు రీలు వాడాం. పావు కిలో లేస్తోంది. అర కిలో పెడితే మోటారు గుయ్‌మని ఆగిపోతోంది. ఇంకా పెద్ద బ్యాటరీ పెట్టాలా?
– విద్యార్థి బృందం, మధురవాడ

జవాబు: ముందు ఆ రీలు తీసేయండి. మోటారు మీద పడే భారం అంటే బరువొక్కటే కాదు, బరువును రీలు వ్యాసార్థంతో గుణిస్తే వచ్చేది. మీ లెక్కలో 5 కిలోలు × 2 సెం.మీ., అంటే 10 కిలో-సెంటీమీటర్లు. బీఓ మోటారు 6 వోల్టుల దగ్గర ఆగిపోయే క్షణంలో ఇచ్చే తిప్పే బలం సుమారు 0.8 కిలో-సెం.మీ. మాత్రమే. అర కిలో దగ్గరే చేతులెత్తేయడంలో దాని తప్పేమీ లేదు.

రీలు బదులు 8 మి.మీ. ఉక్కు కడ్డీ వాడండి. తాడు మందం 1 మి.మీ. అనుకుంటే వ్యాసార్థం 4.5 మి.మీ. అవుతుంది. బరువుకు ఒక కదిలే గిలక తగిలిస్తే కడ్డీ మీద పడేది 2.5 కిలోలే. రెండూ కలిపితే భారం 1.1 కిలో-సెం.మీ.కు దిగుతుంది. రాపిడి కలుపుకుని 1.4 అనుకోండి. 10 ఎక్కడ, 1.4 ఎక్కడ!

గిలక ఊరికే సాయం చేయదు. 50 సెం.మీ. ఎత్తడానికి మీటరు తాడు చుట్టాలి, అంటే సుమారు 35 చుట్లు. చుట్టు మీద చుట్టు పడితే వ్యాసార్థం పెరిగి, పైకి చేరే సమయానికి మోటారు మళ్లీ మొరాయిస్తుంది. 35 చుట్లూ పక్కపక్కనే ఒకే వరసలో పడేలా కడ్డీ మీద కనీసం 45 మి.మీ. చోటు ఉంచండి. తాడు కొసను ముడి వేసి వదిలేయకండి. కడ్డీకి 1.5 మి.మీ. బెజ్జం వేయించి అందులోంచి దూర్చి, మూడు నాలుగు చుట్లు ముందే చుట్టి పెట్టుకోండి. గాజువాక ఆటోనగర్‌లో లేత్ ఉన్న చోట ఇది చిన్న పని.

కడ్డీని మోటారు ఇరుసుకు ఒక కొసనే బిగిస్తే బరువు పడగానే వంగి, గేర్లను తినేస్తుంది. రెండో కొసకు 608 బేరింగ్ పెట్టండి. దాని లోపలి రంధ్రం సరిగ్గా 8 మి.మీ. తాడుకు మామూలు నైలాన్ వద్దు, సాగుతుంది. చేపల రేవు దగ్గర దొరికే అల్లిక తాడు మేలు.

ఇక బ్యాటరీ. 5 కిలోలను అర మీటరు ఎత్తడానికి కావలసిన శక్తి 25 జౌళ్ల లోపే. మీ 9 వోల్టుల బ్యాటరీలో వేల జౌళ్లున్నాయి. ట్యాంకు నిండుగానే ఉంది, కొళాయే సన్నం. దాని అంతర్గత నిరోధం ఎక్కువ. మోటారు ఎక్కువ కరెంటు లాగగానే వోల్టేజీ కూలిపోతుంది. బరువు ఎత్తుతున్నప్పుడే మోటారు కొసల మధ్య మల్టీమీటరు పెట్టి చూడండి, తెలిసిపోతుంది.

మూడు 18650 సెల్స్ (రీచార్జబుల్ లిథియం సెల్స్) పెడదామని తోస్తుంది. కానీ పూర్తి చార్జింగ్‌లో అవి 12.6 వోల్టులు చూపిస్తాయి, తనిఖీలోనే వెనక్కి పంపుతారు. కొత్త ఆల్కలైన్ ఏఏ సెల్స్ ఎనిమిది పెట్టినా 12 దాటే ప్రమాదముంది. ఎనిమిది రీచార్జబుల్ నికెల్ సెల్స్ పెట్టండి: అప్పుడే చార్జ్ చేసినవి సుమారు 11.2, పనిలో 9.6. మోటారు 12 వోల్టులు, 100 ఆర్‌పీఎం (నిమిషానికి 100 చుట్లు), లోహపు గేర్లది, ఆగే బలం కనీసం 6 కిలో-సెం.మీ. ఉన్నది తీసుకోండి. 9.6 వోల్టులకు వేగం, బలం రెండూ ఐదో వంతు తగ్గుతాయి. బరువుతో నిమిషానికి 57 చుట్ల దగ్గర తిరుగుతుంది. 40 సెకన్లలోపు పని అయిపోవాలి. 60 ఆర్‌పీఎం మోటారు తీసుకుంటే నిమిషం దాటిపోతుంది.

ప్రశ్న: స్విచ్ ఆపగానే బరువు జారిపోతోంది. వర్మ్ గేరు పెట్టమంటున్నారు. పెట్టాలా?
– డిప్లొమా విద్యార్థిని, గోపాలపట్నం

జవాబు: వర్మ్ గేరు అంటే మరలాంటి ఇరుసు పళ్ల చక్రాన్ని తిప్పే గేరు. మర వాలు బాగా తక్కువుంటే అది బరువును వెనక్కి తిరగనివ్వదు, నిజమే. అయితే సగానికి పైగా బలం రాపిడికే పోవచ్చు. చిన్న బ్యాటరీతో అది భరించలేని నష్టం. కడ్డీకి పళ్ల చక్రం, దాని మీద స్ప్రింగ్‌తో పడే నాలుక పెట్టండి. దించేటప్పుడు నాలుకను వేలితో ఎత్తాలి, అంతే. దానితోపాటు ఆపినప్పుడు మోటారు రెండు కొసలూ కలిసిపోయేలా స్విచ్ కలిపితే మోటారే బ్రేకులా పనిచేస్తుంది. కానీ అది జారుడును నెమ్మది చేస్తుందే తప్ప పూర్తిగా పట్టి ఉంచదు. నాలుక తప్పనిసరి.

మరొక్క మాట ఇద్దరికీ. విశాఖ సముద్రపు గాలికి సెల్ హోల్డర్ స్ప్రింగులు త్వరగా తుప్పు పడతాయి. ఆ తుప్పే అర వోల్టు తినేస్తుంది. పోటీకి ముందు రోజు సన్న గరుకు కాగితంతో వాటిని మెరిసేలా రుద్ది, పూర్తి బరువుతో వరసగా ఐదుసార్లు ఎత్తి చూడండి. మొదటిసారికీ ఐదోసారికీ పట్టిన సమయంలో తేడా ఎక్కువుంటే, సెల్స్ కన్నా ముందు అతుకులు చూడండి.