తొక్కిన క్షణానికీ, దూకిన క్షణానికీ మధ్య

ప్రశ్న: ఈ మధ్య 1.5 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్లు ఉన్న సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. కొత్తపేట మీదుగా రావులపాలెం వెళ్లే దారిలో కొబ్బరికాయల లారీని దాటబోతే, యాక్సిలరేటర్ నేలకు ఆనేలా తొక్కినా కారు కాసేపు ఆలోచించి, ఆ తరువాత ఒక్కసారిగా దూకుతోంది. స్పోర్ట్ మోడ్‌లో ఇంత ఇబ్బంది లేదు. పెడల్ దగ్గర ఒక చిన్న డబ్బా బిగిస్తే పికప్ వస్తుందని షెడ్డులో అంటున్నారు. పెట్టించమంటారా? – ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: వద్దండి. మీ పాదం కింద ఉన్న పెడల్‌కూ ఇంజనుకూ మధ్య ఇప్పుడు తీగ లేదు. అది కేవలం ఒక సెన్సర్. ఎంత తొక్కారో అది కంప్యూటర్‌కు చెబుతుంది, ఇంజనులోకి గాలిని వదిలే తలుపును, అంటే థ్రాటిల్‌ను, ఎంత తెరవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మీకు చెప్పిన డబ్బా చేసే పనల్లా, మీరు సగం తొక్కితే ముప్పావు తొక్కినట్టు కంప్యూటర్‌ను నమ్మించడమే. పూర్తిగా తొక్కాక అది ఉన్నా లేకున్నా ఒకటే. లారీని దాటేటప్పుడు మీరు పూర్తిగానే తొక్కుతున్నానని రాశారు కదా.

అసలు ఆలస్యం థ్రాటిల్ తెరుచుకున్నాక మొదలవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువ తలుపులు ఎత్తిన రోజే శివారు చేలకు నీరు అందదన్న సంగతి డెల్టా వారికి వేరే చెప్పనక్కర లేదు. ముందు కాలువ నిండాలి, ఆ తరువాతే బోదెలకు పారాలి. టర్బోలోనూ గాలిని నొక్కే కంప్రెసర్ నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గుండా సిలిండర్ల వరకు ఉన్న గొట్టాలన్నీ ముందు ఒత్తిడితో నిండాలి. ఆ ఒత్తిడిని పుట్టించే చిన్న చక్రాన్ని తిప్పేది ఇంజను వదిలే పొగే కాబట్టి, పొగ పెరగాలంటే గాలి ఎక్కువ లోపలికి పోవాలి, గాలి ఎక్కువ పోవాలంటే పొగ పెరగాలి. ఈ చిక్కుముడి విడి, చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటేంత వేగం అందుకోవడానికి పట్టే సమయమే టర్బో లాగ్.

అయితే దీన్ని మరొకదానితో కలిపి చూడకూడదు. ఇంజను చుట్లు ఒక స్థాయికి దిగువన ఉంటే, ఎంతసేపు తొక్కి పట్టినా చక్రాన్ని తిప్పేందుకు సరిపడా పొగ రాదు. అది లాగ్ కాదు, తప్పుడు గేర్. కంపెనీలు ప్రకటించే టార్క్ (ఇంజను తిప్పే బలం) అంకెలు కూడా ఇక్కడే పొరబాటు పుట్టిస్తాయి. ఉదాహరణకు హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లోని 1.0 లీటర్ల టర్బోకు 1500 నుంచి 4000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను చుట్లు) మధ్య 172 న్యూటన్ మీటర్లని రాస్తారు. అలాంటి అంకె ఒత్తిడి పూర్తిగా నిలదొక్కుకున్నాక కొలిచినదే తప్ప, 1500 దగ్గర తొక్కగానే చేతికందేది కాదు.

పెట్రోలు ఆదా కోసం ఆటోమేటిక్ గేరు వీలైనంత పై గేర్‌లో ఉండాలని చూస్తుంది. లారీ వెనుక నెమ్మదిగా పోతున్న మీ కారు బహుశా ఐదో గేర్‌లో ఉంటుంది. మీరు తొక్కగానే అది రెండు గేర్లు దిగి, క్లచ్ మార్చుకుని, అప్పుడు గాని టర్బో జోలికి పోదు. స్పోర్ట్ మోడ్ నచ్చడానికి కారణం కూడా ఇదే: పెడల్ చురుకుదనం కన్నా, అది కింది గేర్‌ను పట్టి ఉంచడమే ఎక్కువ మేలు చేస్తోంది.

తెల్లవారుజామున ఖాళీగా, వెడల్పుగా ఉన్న రోడ్డు చూసుకుని, మాన్యువల్ మోడ్‌లో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఒకసారి ఐదో గేర్‌లోనూ, మరోసారి మూడో గేర్‌లోనూ తొక్కి చూడండి. మూడో గేర్‌లో చప్పున అందుకుంటే బండి ఆరోగ్యంగానే ఉంది; లారీ వెనుక ఉండగానే, ఎదురుగా దారి కనబడకముందే, రెండు గేర్లు దించి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. మూడో గేర్‌లో 2500 ఆర్‌పీఎం దాటాక కూడా నీరసంగా ఉండి, బుస్సుమని గాలి పోతున్న చప్పుడు వినిపిస్తే, ఇంటర్‌కూలర్ గొట్టాల క్లిప్పులు వదులయ్యాయేమో చూపించండి. సెకండ్‌హ్యాండ్ బండి కాబట్టి ఇది ముందు చూడవలసిన పని.

ప్రశ్న: నేటి స్పోర్ట్స్ కార్లలో టర్బో లాగ్ అసలు లేదంటున్నారు. నిజమేనా? – ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: చాలా తగ్గిందనడం సబబు. 1975 నాటి పోర్షే 911 టర్బోలో ఒకే ఒక పెద్ద టర్బో ఉండేది. మలుపులో తొక్కితే శక్తి మలుపు చివర వచ్చి వెనుక చక్రాలను జార్చేదన్న చెడ్డపేరు దానికి ఉంది. 2006లో వచ్చిన 911 టర్బోలో పొగతో తిరిగే చక్రం (టర్బైన్) చుట్టూ కదిలే రెక్కలు అమర్చారు. నీటి గొట్టం మూతిని వేలితో నొక్కితే కొద్ది నీరే దూరంగా చిమ్మినట్టు, పొగ తక్కువగా ఉన్నప్పుడు ఆ రెక్కలు దారిని ఇరుకు చేసి చక్రాన్ని వేగంగా తిప్పుతాయి. పెట్రోలు ఇంజను పొగ దాదాపు వెయ్యి డిగ్రీల సెల్సియస్ వేడి, అందుకే డీజిల్‌లో ఎప్పుడో వచ్చిన ఈ ఏర్పాటు పెట్రోలుకు ఆలస్యంగా అందింది. 2015లో ఫెరారీ తన 488 జీటీబీ స్పందన సమయాన్ని 0.8 సెకనుగా ప్రకటించుకుంది. 2022లో మెర్సిడెస్-ఏఎంజీ ఏకంగా టర్బో ఇరుసు మీదే చిన్న విద్యుత్ మోటారు పెట్టి, పొగ కోసం ఎదురుచూడకుండా చక్రాన్ని తిప్పే పద్ధతిని రోడ్డు కార్లకు తెచ్చింది. ఇది ఫార్ములా వన్‌లో 2014లోనే వచ్చిన విద్యే.

ఇంత జరిగినా పోర్షే తన 911 జీటీ3కి టర్బో పెట్టలేదు. ఆ ఇంజనుకు నాలుగు లీటర్ల సామర్థ్యం, ఆరు సిలిండర్లకు ఆరు విడి థ్రాటిళ్లు ఉన్నాయి; తొక్కాక ముందు ఒత్తిడితో నిండాల్సిన గొట్టాలు అందులో లేవు.