రాక్ బ్యాండులో పాడబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి నల్లగొండ నుంచి నీ మామ ఆశీర్వదించి వ్రాయునది.

నీవు రాక్ బ్యాండులో గాయకుడిగా కుదిరావనీ, ఈ చలికాలమంతా బెంగళూరు, పుణె దాకా వ్యాన్‌లో తిరగబోతున్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నేను పాడినవి ఆర్కెస్ట్రా పాటలు, జాతర పాటలు. మీ సంగీతం నాకు సగమే అర్థమవుతుంది. అయినా ముప్పై ఏళ్లకు పైగా గొంతునే నమ్ముకుని ఊరూరా తిరిగినవాడిని కనుక, నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటి ముందే చెబుతున్నాను. వేదిక మీద గడిపే రెండు గంటల కన్నా, మిగిలిన ఇరవై రెండు గంటల్లోనే గొంతు ఎక్కువగా చెడుతుంది.

కొల్లాపూర్‌లో కార్యక్రమం ముగించుకుని అర్ధరాత్రి బయలుదేరినప్పుడు, ఇంజను మోతను మించి అరుస్తూ, నవ్వుతూ, దారిలో మిర్చి బజ్జీలు తింటూ తెల్లవారేసరికి నల్లగొండ చేరేవాళ్లం. అలసిన స్వరతంత్రులకు, అంటే గొంతులో కంపిస్తూ శబ్దం పుట్టించే మడతలకు, ఆ అరుపులే రెండో కచేరీ అయ్యేవి. పైగా తిన్న వెంటనే నడుం వాల్చితే కడుపులోని ఆమ్లం గొంతు దాకా ఎగదన్నేది. వ్యాన్‌లో మౌనంగా ఉండు. గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి దొరుకుతుందనుకోకు, దానివల్ల కూడా గొంతు బిగుసుకుంటుంది. మిరియాల కషాయం తాగితే హాయిగానే ఉంటుంది గానీ మింగినది అన్నవాహికలోకే పోతుంది, స్వరతంత్రులను తాకదు. నీళ్లూ అంతే, ఒంటికి పట్టి అక్కడికి చేరడానికి గంటలు పడుతుంది కనుక పొద్దుటి నుంచే తాగాలి.

ఒక మాఘమాసంలో దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు పాడటానికి వెళ్లేనాటికే నా గొంతు రెండు రోజులుగా బొంగురుపోయి ఉంది. దారిలో ఒక వైద్యుడు సూది మందు వేయగా గంటలో వాపు దిగి, గొంతు గంటలా మోగింది. దుమ్ములో, ‘ఓ లింగా’ అనే కేకల నడుమ, ఎన్నడూ ఎత్తుకోని శృతిలో పాడాను. మర్నాడు నోరు తెరిస్తే గాలి తప్ప శబ్దం రాలేదు. హైదరాబాదులో గొంతులోకి కెమెరా గొట్టం దించి చూసి, తంత్రిలో నెత్తురు చిమ్మిందని చెప్పారు. ఆ మందు వాపును దించి, ఆపమని హెచ్చరించే నొప్పిని కూడా కప్పేసిందట. మూడు వారాల పాటు, అన్నంలోకి ఉప్పు కావాలన్నా పాప పలక మీద రాసి మీ అత్తకు చూపించాను. ఆ ఏటి పెళ్లిళ్ల సీజను పూర్తిగా పోయింది.

ఈ దెబ్బ మాలాంటి చిన్నవాళ్లకే తగలదు. నీవు అభిమానించే అమెరికా రాక్ బృందం ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్‌కు 2023 సెప్టెంబరులో వీడ్కోలు కచేరీల యాత్ర మొదలుపెట్టిన కొద్ది రోజులకే స్వరతంత్రులకు గాయమైంది. మరుసటి ఏడు ఆగస్టులో ఆ బృందం యాత్రలే మానుకుంటున్నట్లు ప్రకటించింది. 1962 నుంచి బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్‌తో పాడుతున్న మిక్ జాగర్ మాత్రం 2019లో గుండె కవాటానికి చికిత్స అవసరమైతే యాత్రను వాయిదా వేసి, జూన్‌లో మళ్లీ వేదికెక్కాడు. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. కార్యక్రమం రద్దు చేసుకోవడం నామోషీ అని నాకు నేర్పినవారంతా నలభై దాటకముందే పాట మానేశారు.

డ్రమ్ముల మోతలో నీ గొంతు నీకు వినిపించకపోతే తెలియకుండానే అరుస్తావు. అందుకని మానిటర్ స్పీకర్‌ను నీ ముఖం వైపు తిప్పించి, సౌండ్ చెక్ అయ్యాకే పాడు. మైకు జాలీని గుప్పిట్లో మూయకు, కూత పెడుతుంది. చెవుల్లో మోత తగ్గించే బిళ్లలు (ఇయర్ ప్లగ్‌లు) పెట్టుకో: 85 డెసిబెల్స్ మోతను రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చంటారు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, అంటే వందకు చేరితే మిగిలేది పావుగంటే. నా ఎడమ చెవిలో కీచురాళ్లు ఇప్పటికీ కూస్తూనే ఉన్నాయి.

డబ్బు సంగతి ఒక్క మాట: సగం అడ్వాన్సుగా, మిగతాది వేదిక ఎక్కేముందే తీసుకో.

వరుసగా రెండు రాత్రులు పాడితే మూడో రోజు ఖాళీ ఉండాలని మీ మేనేజరుతో ఇప్పుడే మాట్లాడు. విజయవాడ వెళ్లేటప్పుడు మీ వ్యాన్ నార్కట్‌పల్లి మీదుగానే పోతుంది కదా, అక్కడికి వచ్చి కలుస్తాను. చెవి బిళ్లలు రెండు జతలు తెస్తాను, ఒకటి మీ డ్రమ్మరుకు.

ఇట్లు,
నీ మామ