కోనసీమలో ఉండి విదేశాల్లో హాఫ్ మారథాన్‌కి తయారవ్వచ్చా?

అవ్వచ్చండి. నేనయ్యాను. 2023 మార్చిలో న్యూయార్క్ హాఫ్, అంటే 21 కిలోమీటర్ల పైచిలుకు, పరిగెత్తాను, 2 గంటల 41 నిమిషాలు. అమలాపురం పక్క పల్లెటూరివాణ్ణి, నలభై ఆరేళ్లవాణ్ణి. నాకది చాలు.

ఇలాంటి ప్రశ్నలకి అందరూ ఏ బూట్లు, ఏ తిండి, ఎన్ని వారాలు అని రాస్తారు. అసలు సంగతి అది కాదండి. ఎత్తు. మన నేలలో ఎత్తు లేదు, అంతా చదునే. కాటన్ దొర ధవళేశ్వరంలో 1852కల్లా ఆనకట్ట కట్టించి నీళ్లిచ్చాడు గానీ ఎత్తెక్కణ్ణించి తెస్తాడు? కాలవ గట్టెక్కితే చాలు, ఊరంతా కనబడుతుంది. నాలుగు నెలలు ఆ గట్టు మీదే 18 కిలోమీటర్ల దాకా లాగాను. మోకాలు కూడా నొప్పెట్టలేదు. ఇంకేముంది, నా అంతవాడు లేడనుకున్నాను.

గట్టు మీద పరుగు సుఖమేం కాదు లెండి. తెల్లారగట్ల కుక్కలు, రొయ్యల చెరువులకి మేత తీసుకెళ్లే వ్యాన్లు, పక్కకి తప్పుకుంటే బోదె. వీటన్నిటికంటే మనుషులు. బండాపి మరీ "ఏవైందండీ, షుగరా?" అంటారు. ఒకాయనైతే బస్సు తప్పిందేమో అనుకుని ఎక్కించుకుంటానన్నాడు. వద్దంటే నొచ్చుకున్నాడు కూడా.

న్యూజెర్సీలో మా అక్కా బావా ఉంటారు, అక్కడ దిగాను. ఆ ఏడు పరుగు బ్రూక్లిన్‌లో ప్రాస్పెక్ట్ పార్కు దగ్గర మొదలై, మన్‌హటన్ వంతెన దాటి, టైమ్స్ స్క్వేర్ మీదుగా సెంట్రల్ పార్కులోకి వెళ్లింది. చలి, దానికి తోడు గాలి. మొదలయ్యేదాకా కంచెల మధ్య నిలబెట్టేస్తారు. అందుకని తెలిసినవాళ్లు పాత కోట్లేసుకొచ్చి, కదిలేముందు తీసి పక్కన పడేస్తారు. వాటిని పోగేసి లేనివాళ్లకిస్తారట. నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. నా ఒంటిమీదున్నది మా నాన్నగారి మెరూన్ స్వెటరు. ఎప్పుడో రాజమండ్రిలో టిబెటన్ల దగ్గర బేరమాడి కొన్నారు. మన ఉక్కకి రెండుసార్లు కూడా వేసుకుని ఉండరు. నడుముకి కట్టుకుందామని చూస్తే వేళ్లు కొంకర్లు పోయి ముడి పడలేదు. ఈలోగా వెనక జనం కదిలారు. కంచె మీద వేసేశాను.

మన్‌హటన్ వంతెన కూడా మన రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెనలాగే. రైళ్లూ పోతాయి, కార్లూ పోతాయి. దూరాన్నించి చూస్తే చదునుగానే ఉంటుంది. ఎక్కుతుంటే తెలుస్తుంది. సగానికొచ్చేసరికి పిక్కలు రెండూ రాళ్లయిపోయాయి. డెబ్బయ్యేళ్ల ముసలావిడ ఎవరితోనో కబుర్లాడుకుంటూ నన్ను దాటిపోయింది.

దిగాక సత్తువ కోసమని జేబులోంచి తాపేశ్వరం కాజా తీశాను. పరిగెత్తేవాళ్లు సత్తువకని నోట్లో పిండుకునే ఆ జెల్లుల మీద నాకు నమ్మకం లేదు, గంజిలో పంచదార కలిపినట్టుంటాయి. ఆ చలికి పాకం గట్టిపడిపోయి కాజా దవడకి అతుక్కుంది. నీళ్ల బల్ల వచ్చేదాకా నోరు మూసుకుని ముక్కుతోనే ఊపిరి పీల్చాను. ఆ బల్ల దగ్గర పిల్లలు, తడిసిన చేతులు వణుకుతున్నా, పేరుపేరునా పిలిచినట్టు ఒక్కొక్కరికీ కప్పు అందిస్తుంటే మాత్రం ఆకలన్నవాళ్లందరికీ అన్నం పెట్టిన మన డొక్కా సీతమ్మగారే గుర్తొచ్చారు.

కాబట్టి ఎత్తు అలవాటవ్వాలంటే వారానికి రెండుసార్లు ఎదుర్లంక వెళ్లండి. లారీలు మొదలవ్వకముందే యానాం వంతెన నాలుగుసార్లు ఎక్కి దిగండి. డెల్టాలో అంతకుమించిన కొండ లేదు. నేనా పని చేసుంటే 20 నిమిషాలు తగ్గేవి, రాసిస్తాను.

మెడలో మెడల్‌తో ఫోటో ఇంటికి పంపాను. నాన్నగారు ఫోన్ చేసి, "స్వెటరేదిరా?" అన్నారు. దానం చేశానన్నాను. "ఎవరికి?" అన్నారు. ఇప్పటికీ చలికాలం వస్తే అడుగుతారు. మీరు మాత్రం మీ పాత చొక్కాలే వేసుకెళ్లండి.