సంఘం జిల్లా కార్యదర్శి చేయగలిగేదీ, చేయకూడనిదీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఉపాధ్యాయ సంఘాల జిల్లా బాధ్యుల పని గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ప్రశ్నలు పంపిన వారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా సంఘానికి జిల్లా ప్రధాన కార్యదర్శిగా ఈ మధ్యే ఎన్నికయ్యాను. డీఈఓ (జిల్లా విద్యాధికారి) కార్యాలయంలో పరిచయాలు పెంచుకుంటే సగం పని అయిపోయినట్టేనని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
— స్కూల్ అసిస్టెంటు, విజయనగరం జిల్లా

జవాబు: పరిచయాలు ఉండవలసిందే. ఏ సెక్షన్ ఏ సూపరింటెండెంటు చూస్తున్నారో, సభ్యుడి ఫైలు ఏ బల్ల మీద ఆగిందో తెలియని కార్యదర్శి ఎవరికీ అక్కరకు రాడు. అయితే పరిచయం వల్ల ఫైలు ఎక్కడుందో తెలుస్తుంది గాని, ఫైలులో లేని హక్కు పుట్టుకురాదు. మీకు రోజూ వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇంక్రిమెంటు ఆగిందనో, సర్వీసు రిజిస్టరులో సెలవు నమోదు కాలేదనో, మెడికల్ బిల్లు తిరిగి వచ్చిందనో, జెడ్‌పీపీఎఫ్ (జిల్లా పరిషత్ భవిష్య నిధి) రుణం మంజూరు కాలేదనో ఉంటాయి. వీటిలో చాలావరకు ఎంఈఓ (మండల విద్యాధికారి) లేదా డీఈఓ స్థాయిలోనే తేలిపోతాయి. అందుచేత ఫోను రాగానే ‘నేను మాట్లాడతాను’ అనడానికి ముందు దరఖాస్తు ఏ తేదీన ఇచ్చారు, అందినట్టు రసీదు ఉందా, తిరస్కరిస్తూ ఉత్తర్వు ఏదైనా వచ్చిందా అని అడగడం అలవాటు చేసుకోండి. రాతపూర్వకంగా ఏమీ లేకపోతే మీ మొదటి పని ఆ కాగితం పుట్టించడమే. కార్యాలయం ఎంతకీ జవాబివ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వవలసి ఉంటుంది. నాలుగుసార్లు కార్యాలయానికి వెళ్లి టీ తాగి రావడం కన్నా ఇదే తరచు ఎక్కువ పని చేస్తుంది.

రాష్ట్ర స్థాయి విధానం వల్ల వచ్చే సమస్యలు వేరు. తెలంగాణలో 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో ప్రకారం ఉపాధ్యాయులను కొత్త జిల్లాల కేడర్లకు కేటాయించినప్పుడు, స్థానికతను పక్కన పెట్టి సీనియారిటీ మీద పంపకం చేశారన్న ఆవేదన జిల్లా జిల్లాలోనూ వినిపించింది. ఆ జీవోను ఏ జిల్లా కార్యదర్శీ మార్చలేడు. కాని సీనియారిటీ జాబితాను వరుస వరుస చదివి, తప్పుగా పడిన పుట్టిన తేదీలనూ, నియామక తేదీలనూ, భార్యాభర్తలను ఒకే జిల్లాలో ఉంచమని కోరినా పరిగణనలోకి రాని వినతులనూ గడువు ముగియకముందే పట్టి అభ్యంతరం రాయించడం జిల్లా బాధ్యుల చేతిలో ఉన్న పనే. ధర్నాలో మైకు పట్టుకున్న వారికి దక్కే పేరు ఈ పనికి దక్కదు. అయినా కష్టకాలంలో సభ్యుడిని కాపాడేది ఇదే.

మరొక విషయం. పదవి వచ్చినా మీరు ప్రభుత్వ ఉద్యోగే. 1964 నాటి ప్రవర్తనా నియమావళి మీకూ వర్తిస్తుంది, సంఘాల గుర్తింపుకు 2001 నాటి రోసా నియమాలు ఉన్నాయి. జీతాల ఆలస్యంపై గవర్నరుకు విన్నవించిన ఒక ఉద్యోగ సంఘానికి ఆంధ్రప్రదేశ్‌లో 2023లో గుర్తింపు ఎందుకు రద్దు చేయరాదంటూ నోటీసు వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. భయపడమని కాదు, నియమాలను మీరే ముందు చదివి పెట్టుకోవాలని చెబుతున్నాను.

ప్రశ్న: మా పాఠశాలలో సహోపాధ్యాయుడిని సస్పెండ్ చేశారు. సంఘం నాయకుడు ‘నేను చూసుకుంటాను, నువ్వేమీ రాయకు’ అంటున్నారు. ఆయన మాట నమ్మి ఊరుకోవచ్చా?
— ఉపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ఊరుకోకూడదు. ఆ నాయకుడి ఉద్దేశం మంచిదే కావచ్చు, సలహా మాత్రం ప్రమాదకరమైనది.

ఉద్యోగులపై క్రమశిక్షణ చర్యలకు సంబంధించిన 1991 నాటి సీసీఏ నియమాల ప్రకారం సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ సాగే వరకు ఉద్యోగిని విధులకు దూరంగా ఉంచే ఏర్పాటు. ఆ కాలంలో సగం జీతపు సెలవుకు వచ్చే మొత్తానికి సమానంగా జీవన భృతి అందాలి, దాని మీద కరువు భత్యం కూడా లెక్కకు వస్తుంది. వేరే ఉద్యోగం గాని వ్యాపారం గాని చేయడం లేదని మీ సహోపాధ్యాయుడు ధ్రువీకరణ ఇవ్వాలి. ఉత్తర్వులో చెప్పిన హెడ్‌క్వార్టర్స్‌ను, అంటే సస్పెన్షన్ కాలంలో ఉండవలసిన చోటును, అనుమతి లేకుండా విడవకూడదు. ఈ చిన్న విషయాల్లో తప్పటడుగు వేసి రెండో ఆరోపణను కొనితెచ్చుకున్న వారు ఉంటారు.

ఆ తరువాత ఆరోపణ పత్రం వస్తుంది. ఏ ఆరోపణ, దానికి ఆధారమైన పత్రాలు ఏవి, సాక్షులు ఎవరు అన్నవి దానితో జతచేసి ఉండాలి. ఆ పత్రాలను చూడడానికి అవకాశం ఇమ్మని రాతపూర్వకంగా అడిగి, ఒక్కొక్క ఆరోపణకూ విడివిడిగా, ఆవేశం లేకుండా, గడువులోగా జవాబివ్వాలి. ‘నా మీద కక్షతో పెట్టారు’ అన్న ఒక్క వాక్యం జవాబు కాదు. విచారణలో తన తరఫున మాట్లాడేందుకు మరొక ప్రభుత్వ ఉద్యోగి సహాయం తీసుకునే హక్కు ఆయనకు ఉంది. సంఘం బాధ్యుడి అసలు అవసరం ఇక్కడే పడుతుంది: పత్రాలు చదవడం, సాక్షిని ఏమడగాలో, ఏమడగకూడదో నిర్ణయించడం, నమోదైన వాంగ్మూలం మాట్లాడిన దానికి సరిపోయిందో లేదో సంతకానికి ముందే చూడడం. ఇందుకు ఓపిక కావాలి. చాలామంది నాయకులు ఇక్కడే తప్పుకుని అధికారితో ముఖాముఖి మాటల మీద ఆధారపడతారు. ఆ అధికారికి బదిలీ అయిన రోజున ఆ మాటలకు విలువ ఉండదు.

రెండు తీర్పులు తెలిసి ఉండడం మేలు. ఆరోపణ పత్రం ఇవ్వకుండా సస్పెన్షన్‌ను మూడు నెలలకు మించి సాగదీయరాదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్ష నిర్ణయించేముందు విచారణ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇచ్చి అతని మాట వినాలని 1993లో తీర్పు వచ్చింది. అది మన హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ ఉద్యోగి కరుణాకర్ కేసులోనిది. ఈ అభ్యంతరాలను ఆయా దశల్లోనే కాగితం మీద పెడితే, తరువాత అప్పీలులో గాని హైకోర్టులో గాని అక్కరకు వస్తాయి.

మీ ఉత్తరంలో ఆరోపణ ఏమిటో రాయలేదు కనుక ఒక మాట చేర్చక తప్పదు. అది విద్యార్థినిపై వేధింపుకు సంబంధించినదైతే, సంఘం వారెవరూ రాజీ కోసం ఆ అమ్మాయి ఇంటి గడప తొక్కకూడదు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం అలాంటి నేరం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలంటోంది, తెలియజేయకపోవడం కూడా నేరమే. సభ్యుడికి న్యాయమైన విచారణ జరిగేలా చూడడం వేరు, ఫిర్యాదును వెనక్కు తీయించడం వేరు. సంఘాల పరువు పోయింది ఎక్కువగా ఈ రెండో పని వల్లనే అని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదేళ్లు పనిచేసి మానేశాను. ప్రభుత్వ ఉపాధ్యాయుల సంఘం వారు నాకేమైనా చేయగలరా? లేబర్ కోర్టుకు వెళ్లవచ్చా?
— గుంటూరు జిల్లా

జవాబు: ఆ సంఘాల నిబంధనల ప్రకారం మీకు సభ్యత్వం దొరకకపోవచ్చు. సుందరాంబాళ్ కేసులో 1988లో సుప్రీంకోర్టు, పారిశ్రామిక వివాదాల చట్టం నిర్వచనం ప్రకారం ఉపాధ్యాయులు ‘కార్మికులు’ కారని తేల్చింది కాబట్టి కార్మికులకున్న ఆ దారి మనకు లేకపోయింది. అయితే మీకు గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానినప్పుడు సర్వీసును బట్టి యాజమాన్యం ఇవ్వవలసిన మొత్తం, రావాలి. 2009లో చేసిన సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా ఉపాధ్యాయులను గ్రాట్యుటీ పరిధిలోకి తెచ్చింది, ప్రైవేటు పాఠశాలలు దానిని సవాలు చేసినా 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సమర్థించింది. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి 15తో హెచ్చించి, ఆ మొత్తాన్ని తొమ్మిదితో హెచ్చిస్తే మీకు రావలసినది తెలుస్తుంది. ముందుగా యాజమాన్యానికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి, ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారి వద్ద క్లెయిము పెట్టండి. నియామక పత్రం లేకపోయినా జీతం జమయిన బ్యాంకు పాసుపుస్తకం, హాజరు వివరాలు సాక్ష్యంగా పనికివస్తాయి.

ప్రశ్న: నేను ఎస్జీటీని (ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరును). సంఘానికి చందా కడుతున్నాను, ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలో ప్రచారమూ చేస్తున్నాను, నాకు మాత్రం ఓటు లేదు. ఇదెక్కడి న్యాయం?
— అనంతపురం జిల్లా

జవాబు: రాజ్యాంగంలోని 171వ అధికరణం మాధ్యమిక పాఠశాల స్థాయికి తగ్గని సంస్థల్లో కనీసం మూడేళ్లు బోధించిన వారికే ఈ ఓటు ఇచ్చింది. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు అందులోకి రారు. పార్లమెంటు చట్టం చేస్తే తప్ప ఇది మారదు. ఆంధ్రప్రదేశ్ శాసన మండలిలోని 58 స్థానాల్లో ఐదు, తెలంగాణ మండలిలోని 40 స్థానాల్లో మూడు ఉపాధ్యాయులవి కనుక సంఘాలు ఆ ఎన్నికల మీద చాలా శక్తి వెచ్చిస్తాయి. మీ అసంతృప్తి సమంజసమే. ఓటు లేని సభ్యుల సమస్యలు ఎన్నికల ఏడాదిలో వెనక్కు పోకుండా చూడమని జిల్లా కౌన్సిల్‌లో అడగండి.

ప్రశ్న: నాకు 53 ఏళ్లు. టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) రాయనక్కరలేదని, సంఘం పోరాడుతోందని మా మండల బాధ్యుడు అంటున్నారు. ఊరుకోవచ్చా?
— కరీంనగర్ జిల్లా

జవాబు: 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఆ తేదీ నాటికి పదవీ విరమణకు ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలి. ఐదేళ్ల లోపు ఉన్నవారు ఉద్యోగంలో కొనసాగవచ్చు గాని, టెట్ లేనిదే పదోన్నతికి అర్హులు కారు. తెలంగాణలో విరమణ వయసు 61 కనుక మీరు మొదటి వర్గంలోకి వస్తారు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన వారిని మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టడం సరికాదని సంఘాలు వాదించడం న్యాయమే, ఆ వాదన సాగాలి. అది ఫలిస్తుందన్న ధీమాతో గడువు దాటిపోనివ్వమని సభ్యుడికి చెప్పే హక్కు మాత్రం ఏ బాధ్యుడికీ లేదు. నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు చేయండి. మీ మండలంలో ఇదే స్థితిలో ఉన్నవారిని కూడగట్టి ఆదివారాల్లో తరగతులు పెట్టించమని అదే బాధ్యుడిని అడగండి.